కొత్త డిస్కు వేసే ముందు హబ్ తుడవండి

కారు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు, డిస్కులు ఇంటి దగ్గర మార్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టమల్లా మార్చిన కొన్ని నెలలకు మొదలయ్యే వణుకుతోనే. బ్రేకు తొక్కితే స్టీరింగ్ అదురుతుంది. "డిస్కు బెండయింది" అని లేత్‌కి పంపిస్తారు. చాలాసార్లు తప్పు డిస్కుది కాదు, దాని వెనక ఉండి డిస్కునీ చక్రాన్నీ మోసే హబ్‌ది.

హబ్ మొహం మీద తుప్పు ఒక పక్క మందంగా ఉంటే డిస్కు తిన్నగా కూర్చోదు. తిరిగేటప్పుడు మిల్లీమీటర్‌లో పదో వంతు ఊగినా ఎక్కువే. చుట్టు చుట్టుకూ ఒకే చోట ప్యాడ్‌కి రాసుకుని అక్కడ అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి డిస్కు మందం ఒక్కోచోట ఒక్కోలా తయారవుతుంది, అదురు అక్కడే పుడుతుంది. అందుకే పాత డిస్కు తీయగానే హబ్‌ని వైరు బ్రష్‌తో, ఆ తర్వాత ఎమరీ పేపర్‌తో రుద్దండి. చక్రం నట్లు బిగించే స్టడ్‌ల మొదళ్ల చుట్టూ తుప్పు దాక్కుంటుంది, అక్కడ వదిలేయొద్దు. వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో తిరిగిన కార్లకైతే దీనికే ఎక్కువ సమయం పడుతుంది.

హైదరాబాద్‌లో అయితే సామాను రాణిగంజ్‌లోనో, పుత్లీబౌలిలోనో దొరుకుతుంది. కారు పేరు చెప్పి కొనకండి. ఒకే మోడల్‌లో వేరియంట్‌ని బట్టి డిస్కు సైజు మారుతుంది, ఛాసిస్ నంబర్ చూపించండి. ప్యాడ్ మెటీరియల్ 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చాల్సిందే. డిస్కు అంచున కనీస మందం చెక్కి ఉంటుంది. అంతకంటే తగ్గిన డిస్కుని లేత్ పట్టించడం దండగ. ఏది మార్చినా రెండు చక్రాలకూ కలిపే మార్చాలి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ర్యాంపు వాలు మీద కాకుండా సమతలంగా ఉన్నచోట పెట్టుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. జాకీ ఎత్తడానికే. కారు నిలబడాల్సింది స్టాండు మీద. ఇటుకలు పెట్టొద్దు, ఉన్నట్టుండి పగిలిపోతాయి. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పితే, ఏది ఎలా ఉండేదో అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి ఉంటుంది.

ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్‌ని విప్పాక బ్రేకు గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కి కట్టండి. దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి. డిస్కు ఊడకపోతే, దాని మీద మరలున్న చిన్న రంధ్రాలుంటే సరైన బోల్టులు బిగించండి, అదే బయటికి నెడుతుంది.

పాత ప్యాడ్ లోపలిది ఎక్కువ, బయటిది తక్కువ అరిగి ఉంటే క్యాలిపర్ జారే గైడ్ పిన్ను పట్టేసిందన్నమాట. పిన్నులు బయటికి లాగి తుడిచి సిలికాన్ గ్రీజు పూయండి. మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది. పిన్ను చేత్తో నొక్కితే మెత్తగా జారాలి.

క్యాలిపర్‌లోని పిస్టన్ వెనక్కి నెట్టేముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, నిండుగా ఉంటే కొంచెం సిరంజితో లాగేయండి. లేకపోతే పొంగి పెయింట్ తినేస్తుంది. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో నెమ్మదిగా తిప్పాలి. పిస్టన్ కదలకపోయినా, దాని చుట్టూ ఉన్న రబ్బరు చిరిగి ఉన్నా అక్కడితో ఆపండి. ఆ క్యాలిపర్ సంగతి తేల్చకుండా ప్యాడ్లు వేయడం వృథా.

కొత్త డిస్కు మీది నూనె పొరని క్లీనర్‌తో తుడిచాకే ఎక్కించండి. బోల్టుల బిగువు మీ కారు మాన్యువల్ ప్రకారం టార్క్ పానాతో చూసుకోవాలి. అందాజుగా గైడ్ పిన్నుకి 25–35 న్యూటన్ మీటర్లుంటే, క్యాలిపర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్‌కి దాదాపు మూడింతలు ఉంటుంది.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. మొదటి తొక్కుడు నేలకి దిగిపోతుంది. ఇది మరిచి ర్యాంపు ఎక్కితే గోడే ఆపాలి. తర్వాత ఆయిల్ మట్టం చూసి మూత బిగించండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి, తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గంటకు 60 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా తగ్గించండి. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది. చల్లారేదాకా బ్రేకు వాడకుండా నడిపి, ఇంటికొచ్చాక వీల్ నట్లు మరోసారి బిగించి చూసుకోండి.