అమ్మానాన్నలతో స్మోకీస్‌కి ఆర్వీలో: ముందు సైటు, తర్వాతే బండి

అక్టోబరులో స్మోకీస్‌కి, అంటే టెనసీ, నార్త్ కరొలైనా సరిహద్దులోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకునేవాళ్లు ఏప్రిల్‌లోనే మేలుకోవాలి. పార్కు లోపలి పెద్ద క్యాంప్‌గ్రౌండ్ల బుకింగ్ ఆరు నెలల ముందే రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మొదలవుతుంది, ఆకులు రంగు మారే రోజుల్లో శుక్ర, శనివారాల సైట్లు (బండి ఆపి బస చేసే స్థలాలు) అయితే మనం టీ తాగి వచ్చేలోపు అయిపోతాయి. మేము ఏప్రిల్‌లోనే పట్టాం, అదీ ఆదివారం నుంచి మొదలయ్యేలా. మధ్యవారం రాత్రులు కాస్త తేలిగ్గా దొరుకుతాయి, పిల్లల స్కూలు మాన్పించడం ఇష్టం లేకపోతే ఫాల్ బ్రేక్ చూసుకోండి.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమింగ్‌లో. తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చారు. యూట్యూబ్‌లో ఏవో వీడియోలు చూసిన నాన్న "ఏరా, ఇల్లే బండెక్కి తిరుగుతుందటగా ఇక్కడ, అదోసారి చూపించు" అన్నారు. అదీ మొదలు. షార్లట్‌లో ఉండే మా బావమరిది కుటుంబం కూడా వస్తామంది.

చాలామంది ముందు ఆర్వీ (మంచాలు, పొయ్యి, బాత్రూం అన్నీ లోపలే ఉండే బండి) అద్దె ఎంత అని వెతకడం మొదలుపెడతారు. నా మాట వినండి, ముందు ఎక్కడ ఆపుతారో తేల్చుకోండి. ఎందుకంటే స్మోక్‌మాంట్, ఎల్క్‌మాంట్, కేడ్స్ కోవ్ లాంటి పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో మామూలు సైట్లకి కరెంటు ఉండదు, నీళ్ల కనెక్షన్ ఉండదు, స్నానాల గదులు అసలే ఉండవు. కామన్ బాత్రూముల్లో ఫ్లష్ టాయిలెట్లు, చల్లటి నీళ్ల కుళాయి, అంతే. ఎంత పెద్ద బండి తీసుకెళ్లినా అక్కడ అది ట్యాంకులో నీళ్లు, సిలిండర్లో ప్రొపేన్ ఉన్నంతవరకే ఇల్లు. జనరేటర్ వేసుకోవచ్చు గానీ పగటి పూటే, రాత్రి ఎనిమిది దాటితే ఆపేయాలి. పైగా ఒక్కో క్యాంప్‌గ్రౌండ్‌కి బండి పొడవు మీద హద్దు ఉంటుంది, సైటును బట్టి అది ఇంకా తగ్గుతుంది. బండి ముందే తీసేసుకుని తర్వాత సైట్లు చూస్తే అందులో సగం మనకి పనికిరావు.

డెబ్బై దాటిన నాన్న, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. అందుకని ప్లాన్‌ని రెండు ముక్కలు చేశాను. ముందు పార్కు అంచునే ఉన్న చెరొకీ ఊళ్లో ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో, అంటే కరెంటు, నీళ్లు, మురుగు పైపు మూడూ ఉన్న ఫుల్ హుకప్ సైటులో కొన్ని రాత్రులు. బండికి అలవాటు పడ్డాక పార్కు లోపల స్మోక్‌మాంట్. రెండింటికీ మధ్య పది మైళ్లు కూడా లేవు. నిండు నీళ్ల ట్యాంకు, ఖాళీ మురుగు ట్యాంకులతో లోపలికి వెళ్లడం అన్నది ఇందులో అసలు లాభం. పార్కు సైటు ఒక్కోదానికి ఆరుగురే, అందుకని బావమరిది వాళ్లకి పక్కన ఇంకో సైటు తీసుకున్నాం, వాళ్లు టెంటు వేసుకున్నారు.

డబ్బుల సంగతి. మనవాళ్లు కొందరు "పేరెంట్స్‌కి సీనియర్ పాస్ తీసుకో, క్యాంపింగ్ సగం ధరే" అంటుంటారు. అది అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు వాళ్లకే, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి వర్తించదు. స్మోకీస్‌కి ఎంట్రీ ఫీజు లేదు. కానీ 2023 మార్చి నుంచి ఎక్కడైనా పదిహేను నిమిషాలకి మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. మిగతా నేషనల్ పార్కులకి మీ దగ్గరున్న ఏడాది పాస్ దీనికి చెల్లదు, ఫోన్లో రసీదు చూపించినా కుదరదు, కాగితం ట్యాగ్ అద్దం దగ్గర కనబడాలి.

ఇక బండి. డ్రైవర్ క్యాబిన్ పైన మంచం ఉండే క్లాస్ సీ తీసుకున్నాం. మామూలు లైసెన్సు చాలు. అద్దె ప్రకటనలో "ఏడుగురు పడుకోవచ్చు" అని ఉంటుంది, ఎంతమందికి సీటు బెల్టులున్నాయో అడిగితే గానీ చెప్పరు. మంచాలు లెక్క కాదు, బెల్టులు లెక్క. పిల్లల కార్ సీటు పెట్టాలంటే ముందుకి తిరిగి ఉన్న సీటే కావాలి, డైనింగ్ టేబుల్‌కి అటువైపు వెనక్కి తిరిగి ఉండేదీ, పక్కకి తిరిగి ఉండే సోఫా పనికిరావు. ఫోన్లో అడగడం కాదు, వెళ్లి ఎక్కి చూడండి. వెనకాల పెద్ద మంచం అమ్మానాన్నలకి, పైన అటక పిల్లలకి, టేబుల్ మడిచి చేసే మంచం మాకు. నిద్ర గురించి అడక్కండి.

మేము ముందు ఖాయం చేసుకోబోయిన ఒక అద్దె సంస్థ రోజు అద్దె తక్కువే చెప్పింది. చివర్లో మైలేజీకి వేరే, జనరేటర్ గంటకి వేరే, గిన్నెలూ దుప్పట్లకి వేరే, క్లీనింగ్‌కి వేరే అని చేర్చుకుంటూ పోతే మొత్తం రెట్టింపు దగ్గరికి వచ్చింది. దాన్ని వదిలేసి అన్నీ కలిపి రాసిచ్చిన వేరే చోట తీసుకున్నాం. మన కారు ఇన్సూరెన్సు ఆర్వీకి వస్తుందని అనుకోకండి, ఏజెంటుకి ఫోన్ చేసి అడగండి. పెట్రోలు సంగతి సరే సరి, గ్యాలనుకి పది మైళ్లు ఇస్తే అదృష్టం.

దారి మాకు సులువే. 441 హైవే పట్టుకుని క్లేటన్, డిల్లార్డ్, ఫ్రాంక్లిన్ మీదుగా చెరొకీ, ఎక్కువ భాగం నాలుగు లేన్లు. ఆర్వీతో వెళ్లకూడని రోడ్లు మాత్రం ముందే రాసిపెట్టుకోండి. గాట్లిన్‌బర్గ్ పక్కన రోరింగ్ ఫోర్క్ రోడ్డులో ఆర్వీలకి అనుమతే లేదు. టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అని 129 హైవే మీద 11 మైళ్లలో 318 మలుపులున్న రోడ్డొకటి ఉంది, మ్యాప్ దగ్గరదారి అని చూపిస్తే నమ్మకండి. టెనసీ వైపు నుంచి ఐ-40 మీద వచ్చేవాళ్లు రోడ్డు పరిస్థితి చూసుకుని బయల్దేరండి, 2024 సెప్టెంబరు హెలీన్ తుఫానుకి పిజన్ నది లోయలో రోడ్డు కొట్టుకుపోయింది, 2025 మార్చిలో తెరిచారు గానీ అటొక లేను, ఇటొక లేను. షార్లట్ నుంచి వచ్చే బావమరిదికి ఆ లోయతో పని పడలేదు.

వాళ్లు మినీ వ్యాన్‌లో రావడమే మమ్మల్ని కాపాడింది. ఆర్వీ ఒకసారి నిలిపాక ప్రతి చిన్నదానికీ తియ్యలేం, గిన్నెలన్నీ సర్ది, అలమరాలు లాక్ చేసి, వైర్లు పీకి, అదొక సంసారం. కువోహి శిఖరం (2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అనేవాళ్లు) పార్కింగ్‌లో అంత బండికి చోటు దొరకడం కష్టం. వ్యాన్‌లో పొద్దున్నే వెళ్లాం. 6,643 అడుగుల ఎత్తు, కింద చొక్కా మీదున్నవాళ్లం పైన స్వెట్టర్ మీద జాకెట్ వేసుకున్నాం. పైన చుట్టూ చూసే టవర్ దాకా అర మైలే గానీ నిటారుగా ఎక్కాలి, అమ్మ మొదటి బెంచీ దగ్గరే "మీరెళ్లి రండి నాయనా, నేనిక్కణ్ణుంచే చూస్తా" అంది. అక్కణ్ణుంచి కూడా కొండలు బాగానే కనిపిస్తాయి.

వంట గురించి చెప్పాలి. అమ్మకి ఆర్వీలో మొదట నచ్చనిది పొయ్యికి, బాత్రూంకి మధ్య రెండడుగులే ఉండటం. ఆ తలుపుకి ఒక పాత చీర పరదాలా కట్టాక గానీ బియ్యం కడగలేదు. తర్వాత పోపు. ఎండుమిరపకాయలు వేగాయో లేదో స్మోక్ అలారం గోల మొదలైంది, నాన్న న్యూస్ పేపర్ పట్టుకుని దాని కింద నిలబడి విసరడం, పిల్లలు నవ్వడం. ఆ తర్వాత పోపులన్నీ బయట చిన్న గ్యాస్ స్టవ్ మీదే. రైస్ కుక్కర్ హుకప్ ఉన్నన్నాళ్లే పనిచేసింది, స్మోక్‌మాంట్‌లో గంజి వార్చిన అన్నమే, ఆ గంజి కూడా నేల మీద పొయ్యకూడదు, సింకులోనే.

ఎలుగుబంట్లు ఉన్న అడవి అది, లెక్క ప్రకారం పార్కులో పందొమ్మిది వందల దాకా ఉంటాయి. వండటం, తినడం అయిన వెంటనే ప్రతి గిన్నె, చెత్త, టూత్‌పేస్టుతో సహా బండి లోపల పెట్టి తలుపులు మూసెయ్యాలి. రేంజర్ వచ్చి బల్ల మీదున్న ఆవకాయ సీసా చూసి అదేంటని అడిగాడు, మా ఆవిడ మూత తీసి చూపించింది, ఆయన ఒక్కసారి వాసన చూసి "దీన్ని మాత్రం తప్పకుండా లోపల పెట్టండి" అన్నాడు. బయటి నుంచి కట్టెలు తేవాలంటే వేడిచేసి సర్టిఫై చేసిన మోపులే తేవాలి, మామూలు కట్టెలతో చెట్లని చంపే పురుగులొస్తాయని.

ఎలుగు కనబడలేదు గానీ సాయంత్రం ఒకానలఫ్టీ విజిటర్ సెంటర్ పక్క పొలంలో ఎల్క్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) మంద కనబడింది. మగది మెడ చాచి కీచుమని సాగదీసి అరుస్తుంటే అంత పెద్ద జంతువు నుంచి అంత సన్నటి గొంతేంటని నాన్న ఆశ్చర్యపోయారు. యాభై గజాల దూరం పాటించాలి, అక్టోబరులో మగవి మంచి కోపం మీదుంటాయి.

తిరుగు రోజు మురుగు ట్యాంకు ఖాళీ చెయ్యడం నా వంతు. చేతులకి గ్లవ్స్ వేసుకుని ముందు నల్ల ట్యాంకు (టాయిలెట్ మురుగుది), తర్వాతే సబ్బు నీళ్ల ట్యాంకు, అప్పుడే ఆ నీళ్లతో పైపు కడిగినట్టవుతుంది. నాన్న పక్కన నిలబడి "ఇంజనీరింగ్ చదివించింది ఇందుకేరా" అన్నారు. పెట్రోలు నింపి, ఊడ్చి, బండి తీసుకున్నప్పుడు తీసిన ఫోటోలు దగ్గర పెట్టుకుని బండి అప్పజెప్పాం. గీతలేమీ లేవు, డిపాజిట్ మొత్తం తిరిగొచ్చింది.