బిరడా మరిచిన అల్లుడు: నా అనుభవం

సంక్రాంతి సెలవుల్లో మా మామ పడవను తిరుపతి నుంచి తీసుకెళ్ళి పులికాట్‌లో దించి వచ్చాను. వారమైంది, కోపం ఇంకా చల్లారలేదు. ఎవరి మీదంటే సగం నా మీద, సగం ఆ ఫైబర్ వర్క్‌షాపువాడి మీద.

మా అత్తగారిది తడ దగ్గర సరస్సు ఒడ్డున ఊరు. పేరు చెప్పను, మళ్ళీ పోవాల్సిన చోటు. మామది 18 అడుగుల ఫైబర్ పడవ. అడుగున పగుళ్ళు పడితే తిరుపతిలో నాకు తెలిసిన వర్క్‌షాపులో బాగుచేయించాను. ప్యాచ్ వేశారు, రంగు వేశారు, డబ్బులు ముందే తీసుకున్నారు. ట్రైలర్ కూడా వాళ్ళే బాడుగకు ఇచ్చారు. నా బొలెరోకు తగిలించుకుని తెల్లారకముందే బయల్దేరాను. శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ. దారిలో ఏ ఇబ్బందీ లేదు.

రేవులో సిమెంటు ర్యాంపు ఉంది. ఒక పడవ పట్టేంత వెడల్పు, అంతే. వానలకు కాళంగి నది నీళ్ళు చేరి సరస్సు నిండుగా ఉంది కాబట్టి ర్యాంపు కింది భాగం కనబడదు. కనబడేచోట పచ్చగా పాచి. నేను చేరేసరికి ఏడున్నర. అదే వేటకు పోయిన పడవలు తిరిగొచ్చే వేళ. ఆ టైముకు పోవడం మొదటి తప్పు.

ట్రైలర్ రివర్స్ చేయడం రెండో తప్పు. స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంది. చెరకు ట్రాలీలు తోలే మా ఊరి కుర్రాళ్ళు మాట్లాడుతూనే వెనక్కి పెడతారు, నాకు నాలుగుసార్లు అడ్డం తిరిగింది. చుట్టూ పదిమంది చేరి "రానీ, రానీ, లెఫ్ట్, లెఫ్ట్" అని అరుపులు. ఎవడి లెఫ్టో దేవుడికే ఎరుక. చివరికి మా బావమరిది కిటికీ దగ్గరికొచ్చి, "బావా, స్టీరింగ్‌ను కింద పట్టుకో. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటే జరుపు" అన్నాడు. ఒక్కసారికే సరిపోయింది.

పడవ నీళ్ళలో తేలింది. మోకు ర్యాంపు పక్క రాయికి కట్టి, బొలెరో పైకి తెచ్చి, టీ తాగుతూ ఫోటోలు తీసి తిరుపతిలో ఫ్రెండ్స్‌కు పంపాను. పది నిమిషాలై ఉంటుంది.

"బావా, పడవ వెనక్కి కూర్చుంటోంది" అన్నాడు బావమరిది.

వెనక పలక ఎత్తి చూస్తే లోపల నీళ్ళు గలగలమంటున్నాయి. పడవ వెనక గోడకు అడుగున వేలు పట్టేంత రంధ్రం ఉంటుంది. ఒడ్డున పెట్టినప్పుడు వాన నీళ్ళు పోవడానికి బిరడా తీస్తారు, నీళ్ళలో దించేముందు బిగిస్తారు. రంగు వేసేటప్పుడు తీసిన బిరడా మళ్ళీ పెట్టలేదు, నేనూ చూడలేదు. అంత రంధ్రంలోంచే నిమిషానికి రెండు బిందెల నీళ్ళు వస్తాయి. పది నిమిషాలకు నాలుగు వందల కిలోల బరువు. వెనక భాగం ర్యాంపు సిమెంటుకు ఆనుకుంది. దారి మొత్తం మూసుకుపోయింది.

అప్పటికే మూడు పడవలు రొయ్యలతో వచ్చి నీళ్ళలో ఆగాయి. ఒడ్డున ఐసు పెట్టెలతో ఆటో. ఆటో అతను హారన్ మీద చెయ్యి తీయడు. నాకు టెన్షన్‌లో నోరు జారింది, "ఐదు నిమిషాలు ఆగలేవా?" అన్నాను. అతనేం మాట్లాడలేదు. పెట్టె మూత ఎత్తి, కరిగి కారుతున్న ఐసు చూపించి మూశాడు. ఆ మూత చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

గట్టు మీద పీతల కాళ్ళకు తాళ్ళు కడుతున్న ముసలావిడ తల కూడా ఎత్తలేదు. "చిల్లి బిందె పట్టుకుని మేం బోరింగు కాడికి కూడా పోం అల్లుడా" అంది. రేవంతా నవ్వు. మా మామ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆయన మాట్లాడకుండా నీళ్ళలో దిగి నా వైపు చెయ్యి చాపాడు. భుజం మీద అత్తగారు పండక్కి పెట్టిన కండువా ఉంది. ఇచ్చాను. చుట్టి రంధ్రంలో కుక్కాడు. ఆగిన పడవల్లోంచే నలుగురు దూకి బక్కెట్లతో తోడారు. సగం తగ్గాక బొలెరోతో లాగుదామంటే వెనక టైర్లు పాచి మీద గిర్రున తిరిగాయి. ఆ ఆటో అతనే గోనె సంచులు తెచ్చి టైర్ల కింద వేశాడు. పడవ వాలు మీదికి రాగానే మామ కండువా పీకాడు. అదే రంధ్రంలోంచి మిగతా నీళ్ళు ధారగా పోయాయి. మొత్తం నలభై నిమిషాలు.

ఒక్క మాట చెప్పాలి. ర్యాంపు మీద ఏ పనీ పెట్టుకోకండి. తాళ్ళు విప్పడం, ఇంజను బిగించడం, బిరడా చూడడం అన్నీ పైన రోడ్డు పక్కనే చేసుకుని దిగాలి. దూరం నుంచి లాక్కొస్తే ట్రైలర్ చక్రాలు వేడిగా ఉంటాయి. వెంటనే ముంచితే బేరింగుల్లోకి ఉప్పునీళ్ళు పోతాయి, అరగంట ఆగాలి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగాలి. ఇక ర్యాంపు మీద స్కూటీ ఆపి సెల్ఫీలు దిగేవాళ్ళకు ఏం చెప్పాలో నాకు తెలియదు. నేనూ ఫోటోలు తీసినవాణ్ణే కదా.

మొన్న ఆదివారం ట్రైలర్‌తోనే మళ్ళీ వెళ్ళి బావమరిది స్నేహితుడి పడవ దించాను. మధ్యాహ్నం, రేవు ఖాళీ, ఒక్క రివర్స్‌లో నాలుగు నిమిషాలు. చూడ్డానికి ఒక్కడూ లేడు.

మా పడవకు కొత్త బిరడా వచ్చింది. మామ దాన్ని నైలాన్ తాడుతో పడవకే కట్టేశాడు. పాతది నిన్న బొలెరో డాష్‌బోర్డులో, ఇన్సూరెన్స్ కాగితాల కింద, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దొరికింది. కవరు మీద వర్క్‌షాపువాడు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాశాడు: "మరిచిపోవద్దు సార్". ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.