శనివారం మాలకొండ

కందుకూరు వైపున్న మాలకొండ నరసింహస్వామి మనకు దర్శనమిచ్చేది వారానికి ఒక్కరోజే, శనివారం. మిగతా ఆరు రోజులూ దేవతలు, ఋషులు వచ్చి స్వామిని సేవించుకుంటారని మా వైపు నమ్మకం. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అయినా, పోయిన మాఘమాసంలో మా గురువుగారితో కొండకు వెళ్లినప్పుడే అది నాకు తగిలింది.

గురువుగారంటే కాషాయం కట్టిన మనిషి కాదు. కందుకూరు దగ్గర పల్లెలో పొగాకు రైతు. డెబ్భై దాటాయి. నలభై ఏళ్లుగా క్రియాయోగం, అంటే ప్రాణాయామంతో కూడిన ధ్యాన సాధన, చేస్తున్నారు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి కూర్చుంటారు, ఆరింటికల్లా పొలంలో ఉంటారు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఏడెనిమిది మందిమి శిష్యులమని అనుకుంటాం. ఆయన మాత్రం ఎవరినీ ఆ మాట అననివ్వరు.

అప్పట్లో నా మనసేం బాగాలేదు. ఒంగోల్లో ఉద్యోగం, ఇంటి లోను, ఇద్దరు పిల్లలు. ఒకరోజు ధ్యానంలో ఉండగా మా చిన్నది తలుపు కొట్టింది. లేచి గట్టిగా కసిరాను. అది ఏడ్చుకుంటూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ కళ్లు మూసుకున్నాను గానీ ఏం లాభం? ఈ టెన్షన్ల మధ్య సాధన కుదరదు, ఆరు నెలలు సెలవు పెట్టి ఉత్తరాదిన ఏదైనా ఆశ్రమానికి వెళ్లిపోదామని గట్టిగా అనుకుని గురువుగారికి ఫోన్ చేశాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. "శనివారం కొండకి పోతా ఉండాం. అమ్మాయినీ పిల్లల్నీ తీసుకుని రా అబ్బాయ్," అన్నారు.

శనివారం మేం పల్లెకు వెళ్లేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఆయన పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఉన్నారు. పచ్చి ఆకును కర్రలకు కట్టి లోపల వరసలుగా వేలాడదీసి, కింద కట్టెలతో మంట పెడతారు. ఇనుప గొట్టాల్లోంచి వేడి లోపలికి పాకుతుంది. ఐదారు రోజుల పని. ముందు ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆరాలి, ఆఖరికి ఈనె ఎండాలి. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది. ఏమరుపాటుగా ఉంటే మచ్చలు పడి నల్లబడుతుంది. అందుకే రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ రాత్రి ఆయన వంతు. బ్యారన్ పక్కన నులకమంచం మీదే సాధనా చేసుకున్నారు. టార్చి వేసి థర్మామీటరు చూసి, కొడుక్కి అప్పగించి, స్నానం చేసి వచ్చారు.

యోగి పొగాకు పండించడమేమిటని నేనొకప్పుడు అడిగాను. "మంచి పంటని నేనెప్పుడన్నా అన్నానా? మా నాయన చేసిన అప్పు తీర్చింది ఇదే. ఇప్పుడు సగం పొలంలో శనగ ఏస్తా ఉండా," అన్నారు. సర్దిచెప్పుకోవడం లేని ఆ జవాబే నన్ను ఆయనకు దగ్గర చేసింది.

కారులో పామూరు రోడ్డున వెళ్తుంటే క్రియాయోగ గురువు లాహిరీ మహాశయుల సంగతి ఎత్తారు. 1828లో బెంగాల్లో పుట్టిన ఆయన మిలిటరీ ఇంజనీరింగ్ శాఖలో లెక్కల గుమస్తా. 1861లో రాణీఖేత్‌కు బదిలీ అయ్యాక, అక్కడి కొండల్లో మహావతార్ బాబాజీ అనే యోగి ఆయనకు క్రియాదీక్ష ఇచ్చారు. ఆయనకు అక్కడే ఉండిపోవాలనిపించింది. బాబాజీ ఉండనివ్వలేదు, ఇంటికి పొమ్మన్నారు. అప్పటికే ఆయనకు పెళ్లయింది. 1886లో పింఛను తీసుకునేదాకా ఉద్యోగం చేశారు. 1895లో కాశీలో, సొంత ఇంట్లోనే దేహం విడిచారు. ఆయన దీక్షనిచ్చిన వాళ్లలో సన్యాసులున్నారు, సంసారులున్నారు, ముస్లింలూ ఉన్నారు.

"హిమాలయాల దాకా పోయినోణ్ణి ఎనక్కి పంపించారు. నువ్వింకా ఒంగోలు దాటలా," అన్నారు గురువుగారు నవ్వుతూ. వెనక సీట్లో మా ఆవిడ కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయింది. నా సెలవు ఆలోచన అప్పటిదాకా ఆమెకు చెప్పనేలేదు.

కొండ మీద జనం కిటకిటలాడుతున్నారు. క్యూలో రెండు గంటలు పైనే పట్టింది. గురువుగారి భార్యకు మోకాళ్ల నొప్పులు. అమ్మగారిని కింద కూర్చోబెట్టి మనం పైకి వెళ్దామన్నాను. ఆయన వినలేదు. స్వామి దర్శనమయ్యాక పైనున్న అమ్మవారి గుడికి వెళ్లాలంటే బండరాయి చీలికలోంచి పోవాలి. లక్ష్మీదేవికి కొండ రెండుగా చీలి దారిచ్చిందని చెబుతారు. ఎంత లావు మనిషైనా అందులోంచి దూరిపోగలరట. ఆయన ముందు నిలబడి, అమ్మగారి రెండు చేతులూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఒక్కో అడుగూ వేయించారు. ఆమె ఆగితే ఆగారు. ఆమె ఊపిరి తీసుకుని "ఊఁ" అన్నాకే ఇంకో అడుగు. వెనక నుంచి "తాతా, కానీ కానీ" అని కేకలు. ఆయన చెవికి అవేం సోకినట్టే లేదు. ప్రాణాయామం నేర్పేటప్పుడు మా ఊపిరిని గమనిస్తూ కూర్చునే ముఖమే అది. అచ్చంగా అదే.

దిగొచ్చి చెట్టు నీడన పులిహోర తింటుంటే మా చిన్నది అడిగింది. "తాతా, ఆరు రోజులూ ఋషులొస్తారంట కదా. దాక్కుని చూద్దామా?"

"ఆళ్లకీ ఇళ్లుండాయమ్మా. వశిష్ఠుడికి అరుంధతి, అత్రికి అనసూయ. ఈ కొండ మీద తపస్సు చేశాడంటారే అగస్త్యుడు, ఆయనకి లోపాముద్ర. ఇంట్లో ఎతుక్కోవాల ఋషుల్ని."

పులిహోర ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి మా ఆవిడకు సెలవు సంగతంతా చెప్పేశాను. ఆమె ఒక్కటే అంది: "పొద్దున ఐదింటికి పిల్లల్ని నేను చూసుకుంటా, తలుపు మాత్రం గడియ పెట్టుకోవద్దు."

సాయంత్రం పల్లెకు వచ్చేసరికి గురువుగారి అబ్బాయి బ్యారన్ దగ్గర కునుకు తీస్తున్నాడు. ఆయన లేపకుండా లోపలికెళ్లి ఒక ఆకు తెచ్చి, ఈనెను చెవి దగ్గర పెట్టుకుని విరిచారు. చప్పుడు రాలేదు.

"ఇంకా ఆరలా," అన్నారు.

మా చిన్నది తనకూ ఒకటి కావాలని అడిగింది. ఆయన వంగి ఇంకో ఈనె దాని చెవి దగ్గర పెట్టారు.