ఆ చెట్టుకి కట్టిందెవరు?

"ఆ చెట్టుకి గుర్రాన్ని కట్టిందెవరు?"

వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే డెబ్బై దాటిన పెద్దావిడ. తల మీద వెడల్పాటి టోపీ, చేతిలో చెత్త లాగే పళ్ల కర్ర. నేనేనండీ అన్నాను. "విప్పు. ఇప్పుడే విప్పు" అంది. ఇంగ్లీషులో మీరు, నువ్వు అనే తేడా లేదు. అయినా నా చెవికి అది "నువ్వు" అనే వినిపించింది.

ఇది పోయిన ఆగస్టు సంగతి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, మౌంట్ సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానికి దక్షిణాన గిఫర్డ్ పించోట్ నేషనల్ ఫారెస్టు. 1980 మే 18న పేలి 57 మందిని పొట్టన పెట్టుకున్న కొండ అదే. ఆ అడవిలో గుర్రాలతో వచ్చేవాళ్ల కోసమే ఒక క్యాంప్ ఉంది. నేను పనిచేసే గుర్రాల ఆసుపత్రి డాక్టరు గారు, ఆవిడ భర్త, నేను, మూడు గుర్రాలు కలిసి మూడు రాత్రులు ఉందామని వెళ్లాం.

నా సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతిలో పశువైద్యం చదివాను. పల్నాడులో దుర్గి దగ్గర మా ఊరు. అక్కడ ఇప్పటికీ నేను డాక్టరమ్మనే. ఇక్కడ అసిస్టెంట్‌ని. బయటి దేశంలో చదివిన పశువైద్యులకి ఇక్కడ లైసెన్సు రావాలంటే ఈసీఎఫ్‌వీజీ లాంటి అర్హత పరీక్షల మెట్లన్నీ ఎక్కాలి. ఆఖరి మెట్టు చేతులతో చేసి చూపించే పరీక్ష. అందులో ఏడు విభాగాలు, ఒకటి పూర్తిగా గుర్రాలదే. చదువుకునే రోజుల్లో నా చేతుల మీదుగా వెళ్లినవి గేదెలు, ఆవులు, గొర్రెలు. గుర్రం అంటే పెళ్లి ఊరేగింపులో చూడటమే. అందుకే కావాలని గుర్రాల ఆసుపత్రిలో చేరాను. పొద్దున్నే లద్దె ఎత్తడంతో మొదలవుతుంది నా ఉద్యోగం. దానికి నేను సిగ్గుపడను, గొడ్లున్న ఇంట్లో పుట్టాను.

ఆ రోజు డాక్టరు గారు, భర్త రెండు గుర్రాలకి నీళ్లు పెట్టడానికి వెళ్లారు. మూడోది ఎర్రటి ఆడగుర్రం, కొంచెం దుడుకు. జీను దించి, దగ్గర్లో ఉన్న డగ్లస్ ఫర్ అనే సూదాకుల లేత చెట్టుకి పలుపు కట్టి, నాడాలు చూద్దామని పనిముట్ల పెట్టె తీసుకురావడానికి ట్రైలర్ దగ్గరికి వెళ్లాను. పది నిమిషాలు పట్టిందేమో. వచ్చేసరికి అది ముందుకాళ్లతో గీకి గీకి చెట్టు మొదట్లో గుంట చేసింది. వేళ్లు బయటపడ్డాయి. తాడు రాసుకుని బెరడు ఒకచోట లేచింది. సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది.

ఆవిడ ఆ క్యాంప్‌కి హోస్ట్. వేసవి అంతా తన ట్రైలర్‌లో అక్కడే ఉంటుంది. వచ్చేవాళ్లకి చోటు చూపించడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం, ఎవరైనా తప్పు చేస్తే చెప్పడం ఆవిడ పని. తుపాకీ లేదు, యూనిఫారం లేదు, జరిమానా వేసే అధికారం కూడా ఉన్నట్టు లేదు. అయినా నా గుండె దడదడలాడింది. వీసా మీద బతికేవాళ్లకి ఎవరు గట్టిగా మాట్లాడినా మొదట వచ్చే ఆలోచన ఒకటే, ఇది ఎక్కడి దాకా పోతుందో అని. డాక్టరు గారి ముందు మాట పడితే ఎలా అని కూడా టెన్షన్ పడ్డాను.

విప్పాను. ఆవిడ వంగి గుంట చూసి, బెరడు లేచిన చోట బొటనవేలితో తడిమి, కొంచెం మెత్తబడింది. 450 కిలోల జంతువు ఒకేచోట నిలబడి తొక్కితే మట్టి గట్టిపడి వేళ్లకి గాలి, నీళ్లు అందవని, బెరడు చుట్టూ తెగితే చెట్టు నిలువునా ఎండిపోతుందని చెప్పింది. ఈ ఒక్క చోటులో ఒక వేసవిలో ఎన్ని గుర్రాలు దిగుతాయో లెక్క వేసుకో అంది. తర్వాత తన ట్రైలర్‌కి వెళ్లి రెండు వెడల్పాటి నైలాన్ పట్టీలు, ఒక పొడవాటి తాడు తెచ్చింది. మేం పట్టీలు తెచ్చుకోలేదనుకుందో, నాకు కట్టడం రాదనుకుందో. రెండోది నిజం.

రెండు పెద్ద చెట్లు ఎంచింది. ఒక్కోదానికి పట్టీ చుట్టి, మధ్యలో తాడు బిగించి లాగింది. గుర్రం తల కంటే ఎత్తులో. తాడుకి అక్కడక్కడా ముడులు, ఆ ముడుల నుంచి ఒక్కో గుర్రానికి పలుపు. మూతి మేత దాకా అందాలి, కాలు మాత్రం తాడులో పడకూడదు. రెండు చెట్లకీ దూరంగా, మధ్యలో నిలబడాలి. దీన్ని వాళ్లు హైలైన్ అంటారు. నాకు దామెన గుర్తొచ్చింది. మన పశువుల కొట్టంలో దూడల్ని వరుసగా కట్టేసే దామెన నేల మీద ఉంటుంది, ఇది గాలిలో ఉంది. ఆ మాట ఆవిడకి చెప్పాలనిపించింది కానీ ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక ఊరుకున్నాను.

వెళ్తూ "పట్టీలు వెళ్లేటప్పుడు ఇవ్వు చాలు" అంది.

ఆ రాత్రి టెంట్‌లో నిద్ర పట్టలేదు. చలికి కాదు. ఒక్క మాటా తిరిగి చెప్పలేకపోయానే అని. మా ఇంటి ముందు వేపచెట్టు కింద తరాలుగా ఎడ్లు, గేదెలు ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచి ఉన్న చెట్టు, ఇప్పటికీ నీడనిస్తోంది. పశువు, చెట్టు ఒకేచోట ఎలా బతకాలో మాకు ఇంకొకరు నేర్పాలా? ఇక్కడి జనం సెలవులకి, సరదాకి గుర్రాల్ని అడవికి తెస్తారు. మేత కొట్లో కొని తెస్తారు. మా దగ్గర గొడ్లు అడవిలోకి వెళ్లేది ఆకలికి. కరువు ఏడాది చొప్ప అయిపోతే నల్లమల వైపు తోలుకుపోవడం తప్ప మా నాన్నకి ఇంకో దారి ఉండేది కాదు. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి తూచడం న్యాయం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

మా పల్నాడువాళ్లకి అడవి అంటే కన్నెగంటి హనుమంతు. అడవిలో పశువులు మేపుకుంటే తెల్లదొరలు పుల్లరి కట్టమన్నారు. కట్టం అన్నందుకు 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. బళ్లో చదువుకోకముందే ఆయన కథ మాకు తెలుసు, పొలం గట్ల మీద వింటాం. దొరలు పోయినా అడవి అంటే భయం పోలేదు. చిన్నప్పుడు మా గేదె ఒకటి ఫారెస్టువాళ్ల గట్టు దాటిందని బందెల దొడ్డికి తోలారు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి డబ్బు కట్టి విడిపించుకొచ్చాడు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. అడవి సర్కారుది, మనం దొంగలం. మాకు నాటుకుపోయింది అదే.

ఇక్కడ ఆ పెద్దావిడ మాటల్లో నన్ను పొడిచింది చెట్టు గురించి చెప్పింది కాదు. మధ్యలో "ఇది మన చెట్టు" అంది. 'మా' కాదు, 'మన'. ఇంగ్లీషులో ఆ తేడా కూడా లేదని తెలుసు. కానీ నా వైపు, తన వైపు కలిపి చేయి ఊపుతూ అంది. పచ్చకార్డు కూడా లేని నన్ను కలుపుకుని. దాదాపు 19 కోట్ల ఎకరాల నేషనల్ ఫారెస్టులు ఉన్న దేశం ఇది, ఒక మొక్క పోతే ఏమవుతుంది అనుకోవచ్చు. ఆవిడ అనుకోలేదు.

అయితే ఈ అడవులు కూడా ఊరికే వచ్చినవి కావు. ఇక్కడి మూలవాసుల నుంచి తీసుకున్న నేలే చాలావరకు. పశువులు మేపే రైతులు ఈ నేషనల్ ఫారెస్టుల్లో ఇవాళ్టికీ తలకింత, నెలకింత అని రుసుము కడతారు. అంటే పుల్లరి ఇక్కడా ఉంది. ఈ సంగతి తెలిశాక ఎందుకో నాకు కొంచెం ఊరట కలిగింది. అలా కలగకూడదేమో.

మేత సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఇక్కడి నేషనల్ ఫారెస్టుల్లోకి ఏ గడ్డి పడితే ఆ గడ్డి తేకూడదు. కలుపు గింజలు లేవని తనిఖీ చేసి ధ్రువీకరించిన గడ్డి మోపులే తేవాలి, లేదంటే గుళికల దాణా. ఆ మోపులకి గుర్తుగా ప్రత్యేకమైన రంగు పురితాడు గానీ చీటీ గానీ ఉంటుంది. డాక్టరు గారు బయల్దేరడానికి మూడు రోజుల ముందు నుంచే గుర్రాలకి ఆ గడ్డి పెట్టమన్నారు. రెండు కారణాలు. ఒకటి, మేత ఒక్కసారిగా మారిస్తే గుర్రానికి కడుపు నొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, ఆ నొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించనిది. పాత మేతలోని కలుపు గింజలు పేగుల్లో చావకుండా లద్దెతో బయటికొస్తాయి. అడవిలో పడితే మొలుస్తాయి. అందుకే పేగులు ఖాళీ అయ్యాకే అడవికి.

ఇది విన్నప్పుడు నాకు వయ్యారిభామ గుర్తొచ్చింది. మా పొలం గట్లు, బడి ఆవరణ, బస్టాండు వెనక, ఎక్కడ చూసినా తెల్ల పూలతో నిలబడి ఉండే ఆ కలుపు. పీకితే చేతులు దద్దుర్లు. మా అమ్మకి దాని సీజన్‌లో ఆయాసం. పశువు పొరపాటున తింటే పాలు చేదు. అది అమెరికా గోధుమలతో పాటు మన దేశానికి వచ్చిందని మా ఊళ్లో పెద్దవాళ్లు అంటారు, కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అని తిడతారు. దాని పుట్టిల్లు ఈ అమెరికా ఖండాలే అన్నది మాత్రం నిజం. మా చేతికి వచ్చిన ఆ గోధుమ మూటలకి ఆ రోజుల్లో ఏ రంగు పురీ లేదు. ఆ రాత్రి టెంట్‌లో నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. మా అమ్మ ఇన్‌హేలర్ మీద ఖర్చు పెట్టిన డబ్బంతా కళ్ల ముందు తిరిగింది.

తెల్లారాక కాస్త తేలికపడ్డాను. గుర్రాలకి నీళ్లు మోశాను. ఒక్కోటి రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది, వాగు గట్టున మాత్రం కట్టకూడదు, 60 మీటర్లైనా ఎడం ఉండాలి. లద్దె పారతో ఎత్తి గుంటలో వేశాను. మన ఇళ్లల్లో పేడ ఎత్తమని ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు, పిడకలకో పెంటకుప్పకో ఎదురుచూసే చేతులుంటాయి. ఇక్కడ అది చెత్త. ఇంత మంచి ఎరువు ఎవరికీ అక్కర్లేకుండా పోతోందని మనసు పీకింది.

ఆ రోజు బాట మీద ఎదురైన నడిచేవాళ్లంతా గుర్రాల్ని చూడగానే దిగువ వైపుకి జరిగి నిలబడ్డారు. నిలబడి గుర్రంతో మాట్లాడారు, మనిషి గొంతు వింటే అది బెదరదని. ఇద్దరు చిన్నపిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని, గుర్రం దాటేదాకా ఊపిరి బిగబట్టి చూశారు. వాళ్లకి ఇది ఎవరు నేర్పారో కానీ చాలా బాగుంది.

వెళ్లే రోజు పొద్దున నేనొక్కదాన్నే ఆ ఫర్ చెట్టు దగ్గరికి వెళ్లాను. గుంటలో మట్టి పూడ్చి, పైన రాలిన ఆకులు పరిచాను. బెరడు లేచిన చోట జిగురు కారి గట్టిపడుతోంది. పెద్దావిడకి పట్టీలు మడిచి ఇచ్చాను. "మళ్లీ రండి" అంది. ఈసారి నా చెవికి "రండి" అనే వినిపించింది.

ఇంటికి వచ్చాక నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. కొంచెం ఫిర్యాదులాగే చెప్పాను. నాన్న మొత్తం విని అడిగింది ఒక్కటే.

"చెట్టు బతుకుతుందా అమ్మా?"

"బతుకుతుంది నాన్నా. పైపైన గీసుకుంది."

"అయినా చెట్టుకెందుకు కట్టావు?"

"మనం వేపచెట్టుకి కట్టేవాళ్లం కదా నాన్నా."

"వేపచెట్టుకి ఎప్పుడు కట్టాం? దాని కింద గుంజకి కదా కట్టేది. చెట్టుకి కడితే మీ నాయనమ్మ ఊరుకునేదా? ఒకసారి మీ చిన్నాన్న కోడెని చెట్టుకి కట్టాడని ఆ పూట వాడికి అన్నం పెట్టలేదు."

నాకు గుర్తు లేదు. కళ్లు మూసుకుని చూశాను. నీడ గుర్తుంది. ఎడ్ల మెడలో గంటలు, కుడితి తొట్టి, వేపపండ్ల వాసన, అన్నీ ఉన్నాయి. గుంజ మాత్రం ఎంత చూసినా కనిపించలేదు.

"ఇంకా ఉంది తల్లీ, నువ్వు చూడలేదంతే" అన్నాడు నాన్న.

మర్నాడు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నల్లతుమ్మ గుంజ. పలుపులు ఒరుసుకుని ఒరుసుకుని నడుము దగ్గర సన్నగా అరిగిపోయింది. రెండడుగుల అవతల వేపచెట్టు.