ఓరుగల్లు నుంచి కాళేశ్వరం దాకా: చీలబోయి ఆగిన నేల

సముద్రం కాబోయి ఆగిపోయిన చీలిక గోదావరి లోయ. దాని ఆనవాళ్ళు రాళ్ళలో చూడ్డానికి హనుమకొండలో పొద్దున ఆరింటికే బయల్దేరాం. ఈ దారి చూడాలంటే దీపావళి తర్వాతే పోవాలి. వానల్లో చూడాల్సిన రాయి సగం నీళ్ళ కింద, సగం గడ్డి కింద ఉంటుంది. సంచిలో పదింతలు పెద్దగా చూపే భూతద్దం, చాకు, దారం కట్టిన చిన్న అయస్కాంతం, 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కల సీసా పెట్టుకున్నాం. కోటలో, గుడి దగ్గర వీటిలో భూతద్దం తప్ప ఏదీ బయటికి తీయకూడదు.

మొదట కోటలోని ఏకశిల గుట్ట. ఇది గ్రానైట్. భూతద్దం పెడితే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజుపెంకు లాంటి క్వార్ట్జ్, మధ్యమధ్య నల్ల అభ్రకం కనిపిస్తాయి. గింజ ఇంత లావు కావాలంటే కరిగిన రాయి కొన్ని కిలోమీటర్ల లోతున, తొందర లేకుండా చల్లారాలి. దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పైనున్న బరువంతా అరిగిపోయాక ఉల్లిపొరల్లా ఊడుతోంది. భారతదేశాన్ని మోస్తూ కదిలే భూమి పైపెంకు ముక్క, అంటే భారత పలకలో ఇది పాత, గట్టి ముద్ద.

ఆ ముద్దను సాగదీసినప్పుడు పడ్డ పగుళ్ళలోకి కింది నుంచి శిలాద్రవం ఎక్కి గడ్డకట్టింది. అదే డోలరైట్, జనం నల్లరాయి అంటారు. పొలాల్లో నల్ల గుండ్లు ఒకే వరసలో కనిపిస్తే ఆగి చూడండి. వరస అంచున గింజ కంటికి ఆనదు, నడిమిట్లో ఆనుతుంది. చల్లటి గ్రానైట్ తగిలిన అంచు ముందే బిగుసుకుపోయింది మరి. వాన నీటికి నల్లబడ్డ గ్రానైట్‌ను చూసి చాలామంది మోసపోతారు. కొత్తగా విరిగిన ముఖం చూడాలి, దారానికి వేలాడే అయస్కాంతం దగ్గరికి పెట్టాలి. డోలరైట్ అయితే కాస్త లాగుతుంది.

మల్లంపల్లి దగ్గరికి వచ్చేసరికి రాయి మారుతుంది. ఇవి పాఖాల శిలలు, ఒకప్పటి నీటి అడుగున పేరుకున్నవి. ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుసా పొంగుతుంది. దాని లాగే ఉండే, మెగ్నీషియం కలిసిన డోలమైట్ మాత్రం ఉలకదు, పలకదు. అక్కడ పరీక్ష ఆపితే తప్పు. చాకుతో గీకి, ఆ పొడి మీద చుక్క వేయాలి, అప్పుడు నురగ వస్తుంది. గోదావరి లోయ తెరుచుకోవడం ఇక్కడి నుంచే మొదలు. ఆ తర్వాత కూడా ఆ గాయం మానలేదు, మళ్ళీ మళ్ళీ తెరుచుకుంది.

పాలంపేట రామప్ప గుడి (1213) గోడలు ఎర్ర ఇసుకరాయి. నున్నగా మెరిసే నల్ల శిల్పాలు డోలరైట్. గింజ సన్నం కాబట్టే అంత సన్నటి పని నిలబడింది.

భూపాలపల్లిలో బొగ్గు. సుమారు 30 కోట్ల ఏళ్ళ కింద నేల రెండు పక్కలా సాగి, నడిమి భాగం కుంగింది. కుంగినకొద్దీ అడవి, ఇసుక దాని మీద పడ్డాయి. కుంగడం ఆగి ఉంటే ఇంత మందాన బొగ్గు పొరలు రావు. గనిలో పొర ఉన్నట్టుండి తెగి, కింద ఎక్కడో దొరుకుతుంది. గనివాళ్ళు ఫాల్టు అనేది దాన్నే. ఇక్కడి షేల్ రాయిలో (పొరలుగా గట్టిపడ్డ బురద) గ్లాసాప్టెరిస్ అనే, ఇప్పుడు లేని చెట్టు ఆకు ముద్రలు ఉంటాయి. షేల్ ముక్కను పొర వెంట ఉలితో విప్పి, ఏటవాలు ఎండలో పట్టుకుంటే ఈనెల వల తేలుతుంది. ఆరితే బీటలు వారుతుంది, వెంటనే పేపర్లో చుట్టాలి. అనుమతి లేకుండా ఓబీ గుట్టలు (బొగ్గు మీది మట్టి, రాయి తవ్వి పోసినవి) ఎక్కొద్దు, అవి జారతాయి, లోపల బొగ్గు కాలుతుంటుంది కూడా. ఇదే ఆకు అంటార్కిటికాలోనూ, ఆఫ్రికాలోనూ దొరుకుతుంది. ఆ ఖండాలన్నీ కలిసున్న నేలకు భూగర్భ శాస్త్రవేత్త ఎడువర్డ్ సూస్ పెట్టిన పేరు గోండ్వానా. గోండుల పేరు మంచు ఖండం దాకా పోయిందన్నమాట!

ఈ లోయ సముద్రం కాలేకపోయింది. చీలిక చివరిదాకా సాగింది తూర్పు తీరాన, సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద అంటార్కిటికా విడిపోయినప్పుడు. కాళేశ్వరం మెట్ల మీద నిలబడితే ప్రాణహితను కలుపుకున్న గోదావరి ఆగ్నేయానికి తిరగడం కనిపిస్తుంది. ఆ కుంగిన లోయే దానికి దారి.

లోయ చల్లారిందే గాని చచ్చిపోలేదు. 2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో కదిలింది. 1969లో భద్రాచలం దగ్గరా ఇలాగే. హిమాలయం ఇక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అయినా భారత పలక ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఆసియాను నెడుతుంటే ఆ ఒత్తిడి పలకంతా పాకుతుంది. పాత అతుకు ఎక్కడుంటే అక్కడ జారుతుంది.

తిరుగు దారి పరకాల మీదుగా. బొగ్గు లారీలు వరస కడతాయి, కాళేశ్వరంలో సాయంత్రం నాలుగింటికల్లా బయల్దేరండి.