రేజ్ వదిలినా బండి తగ్గకపోతే

పోయిన నెల జరిగింది ఇది. నేనూ తమ్ముడూ బండి మీద వెళ్తున్నాం, ముందు ఒక లారీ, ఎదురుగా రోడ్డు ఖాళీ, సరే దాటేద్దాం అని మూడో గేర్‌లో రేజ్ దాదాపు చివరి దాకా తిప్పా. లారీ దాటాం, ఎడమ పక్కకి వచ్చేశాం, రేజ్ వదిలా, కానీ ఇంజన్ మాత్రం తగ్గట్లేదు. అదే సౌండ్, అదే లాగుడు. వెనక నుంచి వాడు "అన్నయ్యా రేజ్ తగ్గించు, మలుపు వస్తోంది" అంటున్నాడు, నేను తగ్గించేశాననే సంగతి వాడికి తెలీదు కదా.

బ్రేక్ వేస్తే బండి బ్రేక్‌కి ఎదురు తోస్తోంది. అప్పుడు క్లచ్ పట్టేశా, లోడ్ పోయేసరికి ఇంజన్ ఒక్కసారి కెవ్వుమని అరిచింది, వెంటనే బొటనవేలితో హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే కిల్ స్విచ్ నొక్కేశా. అంతే, నిశ్శబ్దం. మెల్లగా బ్రేక్ పట్టి పక్కన ఆపాం. నా కాళ్ళు వణికాయి, నిజంగానే. ఎవరికైనా ఇలా అయితే ఇదే వరస గుర్తుపెట్టుకోండి, క్లచ్, కిల్ స్విచ్, బ్రేక్. కదిలే బండి మీద తాళం కోసం చెయ్యి కిందకి పోనివ్వద్దు, హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయాలి, పైగా కొన్ని బళ్ళలో తాళం ఇంకాస్త తిరిగితే హ్యాండిల్ లాక్ పడే ప్రమాదం ఉంది.

రోడ్డు పక్కన ఆపాక ఇంజన్ ఆఫ్‌లోనే రేజ్ గ్రిప్ పట్టుకుని చూశా. చేత్తో ముందుకి తోస్తే ఏ అడ్డూ లేకుండా తిరుగుతోంది, కానీ ఊరికే లూజుగా, వెనక స్ప్రింగ్ లాగుతున్న ఫీలింగే లేదు. ఈ ఒక్క విషయం చాలా చెప్తుంది. గ్రిప్పే హ్యాండిల్ రాడ్‌కి పట్టేసి ఉంటే తోసేటప్పుడు చేతికి బిగుతు తెలుస్తుంది, గట్టిగా తోస్తే ఇంజన్ కూడా దిగుతుంది. గ్రిప్ లూజుగా తిరిగిపోయి ఇంజన్ మాత్రం దిగలేదంటే, తప్పు గ్రిప్ కింద ఎక్కడో ఉంది, గ్రిప్ నుంచి కిందకి పోయే రేజ్ వైర్లో గానీ, ఇంజన్‌కి పెట్రోలూ గాలీ కలిపి ఇచ్చే కార్బొరేటర్లో గానీ. ఎందుకంటే నా బండిది ఒకటే వైరు, వైరు లాగగలదు గానీ తోయలేదు, మూసే పని మొత్తం కింద ఉన్న స్ప్రింగ్‌దే. అందుకే కొన్ని బళ్ళకి రెండు వైర్లు ఇస్తారు, ఒకటి తెరవడానికి ఒకటి మూయడానికి, అప్పుడు చేత్తో గ్రిప్ ముందుకి తోస్తే ఆ రెండోది బలవంతంగా మూయిస్తుంది.

అడ్జస్టర్ మీద రబ్బరు పక్కకి లాగి వైరుని వేళ్ళతో అటూ ఇటూ ఆడిస్తే టక్కున వెనక్కి పోయింది, మూసుకుంది. మిగతా దూరం రెండో గేర్‌లో, పాతిక స్పీడ్ దాటకుండా, వేలు కిల్ స్విచ్ మీదే పెట్టుకుని వచ్చా. తమ్ముడిని ఆటో ఎక్కించేశా.

ఇంటికొచ్చి చూస్తే పట్టట్లేదు! పది సార్లు తిప్పా, ఇరవై సార్లు తిప్పా, వదిలిన ప్రతిసారీ టక్కుమని మూసుకుంటోంది. ఇక్కడే చాలామంది "ఏదో దుమ్ము పడి ఉంటుంది, పోయింది" అనుకుని వదిలేస్తారు. దయచేసి వదలకండి. రోడ్డు మీద ఒకసారి పట్టింది మళ్ళీ పడుతుంది.

ఒక్కో భాగం విడదీసి చూడటం మొదలుపెట్టా. ఇంజన్ ఆఫ్. ముందు కార్బొరేటర్ దగ్గర వైరు చివర ఉన్న గుండు ఊడదీశా. ఇప్పుడు పైన గ్రిప్పూ వైరూ ఒక పక్క, కింద కార్బొరేటర్ ఇంకో పక్క. కార్బొరేటర్ పక్కన వైరు తగిలించే లివర్ వేలితో తెరిచి వదిలితే టప్ మని మూసుకుంటోంది, మెల్లగా వదిలినా ఎక్కడా ఆగట్లేదు. అంటే కింద స్ప్రింగూ, లోపల గాలిని ఆపే తలుపు లాంటి బటర్‌ఫ్లై రెండూ బాగున్నాయి. తర్వాత పై చివర కూడా గ్రిప్ నుంచి విప్పేశా, గ్రిప్ ఒంటరిగా సాఫీగా తిరుగుతోంది, రాడ్ చివర బరువుకి రాసుకోవట్లేదు. మిగిలింది వైరు ఒక్కటే.

ఇన్నర్‌ని, అంటే వైరు లోపలి తీగని, ఒక చేత్తో లాగి ఇంకో చేత్తో వదులుతూ చూశా. సగం దాకా ఏమీ లేదు. పూర్తిగా లాగి, బాగా మెల్లగా వదిలితే, ఒకచోట ఆగింది. దొరికింది. పాత గుడ్డ ముక్క చుట్టి ఇన్నర్ మీద జార్చితే పై గుండుకి దగ్గర్లో గుడ్డ పీచు పట్టుకుంది, టార్చ్ వేసి చూస్తే మూడు పోగులు తెగి వెనక్కి వంకర తిరిగి ఉన్నాయి. రేజ్ తిప్పినప్పుడు ఇన్నర్ పైన ఔటర్ (బయటి గొట్టం) మూతిలోంచి బయటికి వస్తుంది, వదిలినప్పుడు లోపలికి పోవాలి. బాగా తిప్పితేనే ఆ తెగిన ముక్క బయటికి వస్తుంది, లోపలికి పోయేటప్పుడు మూతికి ముళ్ళలా గుచ్చుకుని ఆపేస్తుంది. ఇంట్లో నేను సగం సగం తిప్పి గబుక్కున వదులుతున్నా, స్ప్రింగ్ ఊపుకి అది దూరిపోతోంది. అందుకే ఎవరు చూసినా సరే, చివరి దాకా తిప్పి మెల్లగా, చాలా మెల్లగా వదిలి చూడాలి. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తి ఎడమకి తిప్పి ఒకసారి, పూర్తి కుడికి ఒకసారి.

సరే వైరు తెగింది, కానీ ఎందుకు తెగింది? ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం. అంతకి రెండు నెలల ముందు ఎయిర్ ఫిల్టర్ పని కోసం ట్యాంక్ విప్పి మళ్ళీ బిగించింది నేనే. అప్పుడు ఈ వైరు హ్యాండిల్ మెడ దగ్గర ఉండాల్సిన గైడ్ క్లిప్ లోపలి నుంచి కాకుండా బయటి నుంచి పోయింది, కింద ట్యాంక్ ముందు రబ్బరు దాన్ని నొక్కుతోంది. ఔటర్ ఆడటానికి చోటు లేక హ్యాండిల్ ఎడమకి తిప్పిన ప్రతిసారీ బిగుసుకునేది, పై మూతి దగ్గర ఇన్నర్ నేరుగా కాకుండా ఓ మూలకి రాసుకుంటూ వచ్చేది. రెండు నెలలు రాసుకుంటే పోగులు తెగవా మరి.

బండి చెప్పింది కూడా, నేనే వినలేదు. ట్యాంక్ పెట్టిన వారంలోనే, ఆగి ఉన్నప్పుడు హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఐడిల్, అంటే రేజ్ ఇవ్వనప్పటి ఇంజన్ వేగం, పెరిగేది. నేనేం చేశానంటే కార్బొరేటర్ మీద స్లో స్పీడ్ స్క్రూ తిప్పి ఐడిల్ తగ్గించేశా. సౌండ్ తగ్గింది, మనసు కుదుటపడింది. తర్వాత రేజ్ కొంచెం బరువుగా అనిపిస్తే గ్రిప్ లోపల నాలుగు చుక్కలు ఆయిల్ వేశా, బాగా తేలికైనట్టు అనిపించింది. రెండుసార్లూ లక్షణాన్ని నొక్కేశా గానీ కారణం దగ్గరికి పోలేదు, వెనక తమ్ముడు కూర్చుని ఉన్న రోజున అది బయటపడింది. స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పితే ఇంజన్ సౌండ్ ఒక్క రవ్వ కూడా మారకూడదు. మారితే స్క్రూ ముట్టుకోవద్దు, వైరు దారి చూడండి.

ఇంకో తేడా కూడా చెప్పాలి, దీంతో కలిపేసుకుంటారు చాలామంది. గ్రిప్పూ మూసుకుంది, కార్బొరేటర్ లివర్ కూడా మూసుకుంది, అయినా ఇంజన్ పైనే వేలాడి మెల్లగా దిగుతోంది అంటే అది రేజ్ పట్టేయడం కాదు. కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు చిట్లి గాలి పీల్చుకోవడమో, మిక్స్చర్‌లో పెట్రోల్ తగ్గి పలచబడటమో, చోక్ పూర్తిగా ఆఫ్ కాకపోవడమో అయ్యుంటుంది. దానికి వైరు మారిస్తే డబ్బు దండగ.

బటర్‌ఫ్లై బదులు గాలిని ఆపే స్లైడ్‌ని (పైకీ కిందకీ జారే ముక్క) నేరుగా వైరే పైకి లాగే పాత రకం కార్బొరేటర్ అయితే పైన మూత విప్పి స్లైడ్ తీసి చూడాలి. ఫిల్టర్ దాటి వచ్చిన ఇసుక రేణువు గీసిన గీతలు, స్లైడ్ పక్కన ఉండే గాడి దాని పిన్ను మీద సరిగ్గా కూర్చోకపోవడం, మూత మర వంకరగా ఎక్కడం, ఇంజన్ వైపు బోల్టులు మరీ బిగించడం వల్ల బాడీ కాస్త వంకరపోవడం, వీటిల్లో ఏదున్నా స్లైడ్ పట్టేస్తుంది. నా దాంట్లో ఉన్నట్టు వాక్యూమ్ స్లైడ్ రకం (స్లైడ్‌ని వైరు కాకుండా ఇంజన్ పీల్పు లేపేది) అయితే గాలిని ఆపేది బటర్‌ఫ్లై కాబట్టి ముందు దాన్నే చూడాలి. వైరు లేకుండా సెన్సార్, మోటార్‌తో నడిచే కొత్త బళ్ళ సంగతి వేరు, హెచ్చరిక లైటు వెలిగినా వెలగకపోయినా స్కానర్ పెట్టించాల్సిందే, దాన్ని ఇంట్లో విప్పొద్దు.

తెగిన పోగులు కత్తిరించేసి ఆయిల్ వేసి నడిపేయొచ్చు కదా అని ఒకరు అన్నారు. ఒప్పుకోను. మూడు తెగిన చోట నాలుగోది కూడా బలహీనపడే ఉంటుంది.

అదే మోడల్‌కి వచ్చే కొత్త వైరు తెచ్చా, పొడవు పాతదాని పక్కన పెట్టి కొలిచా, ఈసారి క్లిప్ లోపలి నుంచి తోలా, ట్యాంక్ దింపుతూ చెయ్యి పెట్టి చూశా నొక్కుతోందా లేదా అని. గ్రిప్ దగ్గర ఖాళీ ఆట, అంటే వైరు లాగడం మొదలయ్యే ముందు గ్రిప్ ఊరికే తిరిగే దూరం, 4 మి.మీ. పెట్టా, చాలా బళ్ళకి మాన్యువల్లో 2 నుంచి 6 మి.మీ. దాకా ఇస్తారు. ఐడిల్ మళ్ళీ 1400 ఆర్‌పీఎం దగ్గరికి తెచ్చా, హ్యాండిల్ రెండు చివరలకీ తిప్పా, సౌండ్ మారలేదు. రెండు వారాలకి కొత్త వైరు కుదురుకుని ఆట 6 దాటింది, అడ్జస్టర్ తిప్పి మళ్ళీ 4కి తెచ్చి లాక్ నట్ బిగించా. తమ్ముడు బండి అడిగితే ఇచ్చా, కాకపోతే ముందు ఆపి ఉన్న బండి మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని క్లచ్చూ కిల్ స్విచ్చూ ఒకేసారి పట్టుకునేదాకా పదిసార్లు చేయించా.