తెల్లారేదాకా ఆగాలా, ఇప్పుడే వెళ్లాలా

ఆ రాత్రి పదకొండున్నరకు నాన్న మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి ఊపిరి తీసుకుంటున్నారు. పడుకోండి నాన్నా అంటే "కూర్చుంటేనే బాగుందిరా" అన్నారు. ఆ మాట కూడా ఒక్క ఊపిరిలో అనలేదు. "కూర్చుంటేనే" అని ఆగి, గాలి పీల్చుకుని, అప్పుడు "బాగుందిరా" అన్నారు. ఆయన అలా ఆగడం నేను విన్నాను, అయినా ఏమీ తట్టలేదు. థర్మామీటర్ పెడితే 99 ఉంది, ముందురోజు 102 ఉండేది కాబట్టి తగ్గుముఖం పట్టిందనుకున్నాం. "ఈ రాత్రి గడవనీరా, తెల్లారాక చూద్దాం" అంది అమ్మ. సరేనన్నాను. నాలుగింటికి నాన్న అమ్మ వైపు చూసి, ఎప్పుడో పోయిన వాళ్ల అక్కను పిలిచినట్టు "అక్కా" అని పిలిచారు. అప్పుడు బయల్దేరాం.

రెండు ఊపిరితిత్తులకూ నిమ్ము. వెళ్లేసరికి ఆక్సిజన్ 84. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఎమర్జెన్సీలో చూసిన ఒక దృశ్యం నన్ను వదలడం లేదు. అక్కడి నర్సు ఆయన నుదురు ముట్టుకోలేదు, జ్వరం ఎంత అని అడగలేదు. మంచం పక్కన నిలబడి, ఆయన ఛాతీనీ తన వాచీనీ మార్చి మార్చి చూస్తూ ఒక నిమిషం మాట్లాడకుండా ఉండిపోయింది. తర్వాత కాగితం మీద 34 అని రాసుకుని "నిన్నటి నుంచీ ఇలాగే తీస్తున్నారా ఊపిరి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, మూడు రోజులుగా జ్వరం రాసి పెట్టుకున్నాం, ఊపిరి మాత్రం ఒక్కరమూ లెక్కపెట్టలేదు.

ఇది చదివేవాళ్లలో కొందరైనా ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోవాలని రాస్తున్నాను. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి దాదాపు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ఛాతీ ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం చూడాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే చాలా తేడా వస్తుంది. లెక్కపెడుతున్నామని వాళ్లకు చెప్పకూడదు, తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీదో పొట్ట మీదో ఉంచితే సరిపోతుంది. ఏ శ్రమా లేకుండా కూర్చున్న మనిషికి 25 దాటుతోందంటే ఆ రోజే డాక్టర్‌ చూడాలి. 30కి చేరితే ఇంట్లో ఉంచుకోవాల్సిన పరిస్థితి దాటిపోయినట్టే, అది అర్ధరాత్రయినా సరే.

జ్వరం మనల్ని ఎందుకు మోసం చేస్తుందో తర్వాత అర్థమైంది. పారాసిటమాల్ వేస్తే ఒంటి వేడి దిగుతుంది, లోపల ఊపిరితిత్తుల్లో చీము, నీరు మాత్రం అలాగే ఉంటాయి. ఉన్న కాస్త చోటుతోనే ఒంటికి సరిపడా ఆక్సిజన్ లాగాలి కాబట్టి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. మిగతా లక్షణాలు ముదరకముందే చాలామందిలో ఆ వేగం పెరుగుతుంది. నిమ్ము ఎంత తీవ్రంగా ఉందో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే కర్బ్-65 అనే లెక్క ఒకటుంది. అందులో చూసేవి ఐదు: మనిషి అయోమయంగా ఉన్నాడా, రక్తంలో యూరియా పెరిగిందా, ఊపిరి 30 లేదా అంతకు పైన ఉందా, బీపీ పడిపోయిందా, వయసు 65 లేదా అంతకు ఎక్కువా. జ్వరం ఆ ఐదింటిలో లేనే లేదు. మేం మూడు రోజులుగా రాసుకున్నదంతా అదే.

మాట కూడా గమనించండి. ఒక మామూలు వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలుగుతున్నారా? రెండు మూడు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవాల్సి వస్తోందంటే అది ఎమర్జెన్సీ, ఫోన్‌లో దూరం నుంచి విన్నా తెలిసిపోతుంది. పడుకోలేక కూర్చునే ఉండటం, ఊపిరి తీసేటప్పుడు మెడ కండరాలు బిగుసుకోవడం, గొంతు కింది గుంట లోపలికి పోవడం, ఇవన్నీ కూడా అదే చెబుతాయి.

ఇక ఆక్సీమీటర్. వేలికి పెట్టుకునే ఆ చిన్న క్లిప్పు చాలా ఇళ్లలోకి వచ్చింది కోవిడ్ తర్వాతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 95 పైన ఉంటుంది. 94, 93 వైపు జారుతుంటే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, 90 కనిపిస్తే వెళ్లిపోవాలి. 90 దగ్గర అంత కంగారు ఎందుకంటే, అక్కడిదాకా రక్తంలో ఆక్సిజన్ కాస్త కాస్తగా తగ్గుతూ వస్తుంది, అది దాటాక వాలులో జారినట్టు వేగంగా పడిపోతుంది. సీఓపీడీ లాంటి పాత ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు మాత్రం లెక్క వేరు, వాళ్లలో చాలామందికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని డాక్టర్లే చెబుతారు, కాబట్టి మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే వాళ్ల అంకె ఎంతో బాగున్న రోజే అడిగి పెట్టుకోండి. వేళ్లు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా ఆ క్లిప్పు తప్పు చూపిస్తుంది. చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్లకు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో ఒక అధ్యయనం గట్టిగా చెప్పింది, ఇది తెలుసుకుని తీరాలి. అందుకే అంకె బాగుండి మనిషి బాగా లేకపోతే మనిషినే నమ్మండి. దీనికి తిరగేసింది కూడా జరుగుతుంది. 2020లో కోవిడ్ వచ్చినవాళ్లు కొందరు ఆక్సిజన్ 80ల్లో ఉండి కూడా మామూలుగా ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నారు. మనకు ఆయాసం తెలిసేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు, ఆక్సిజన్ ఒక్కటే తగ్గితే ఒక్కోసారి ఏమీ అనిపించదు. మనిషి బాగున్నా అంకె పడిపోతోందంటే క్లిప్పును వేరే వేలికి పెట్టి మళ్లీ చూడండి, అప్పుడూ అంతే ఉంటే వెళ్లండి.

వయసు మళ్లినవాళ్ల విషయం వేరు. నిమ్ము ముదిరినా జ్వరం రాకపోవచ్చు, పెద్దగా దగ్గు కూడా ఉండకపోవచ్చు. అన్నం వద్దనడం, మగతగా పడుకుని ఉండటం, బాత్రూమ్‌కు వెళ్తూ తూలిపడటం, పొద్దున్నుంచీ మూత్రానికే లేవకపోవడం, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు. ఇవి చూసి "వయసైపోయింది కదా" అనుకుంటాం. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఇవాళ అయోమయంగా ఉంటే దానికి కారణం వయసు కాదు, వయసు ఒక్క రాత్రిలో రాదు.

పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకెలు గుర్తుపెట్టుకోవడం తేలికే. రెండు నెలల లోపు పాపాయికి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఏడవకుండా నిదానంగా ఉన్నప్పుడు లెక్కపెట్టినా ఆ అంకె గానీ అంతకు మించి గానీ వస్తే అది వేగంగా ఊపిరి తీయడమే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. చొక్కా విప్పి చూడండి. డొక్కలు ఎగరేస్తుంటే, ముక్కుపుటాలు అదురుతుంటే, ప్రతి ఊపిరికీ చిన్న మూలుగు వస్తుంటే, పాలు తాగలేకపోతుంటే, తాగిందంతా కక్కేస్తుంటే, లేపినా సరిగ్గా లేవకపోతే ఇంక లెక్కలు అక్కర్లేదు, బయల్దేరండి. మూడు నెలల లోపు పసివాళ్లకు 100.4 జ్వరం వచ్చిందంటే, ఇంకే లక్షణం లేకపోయినా, అదే రోజు డాక్టర్ చూడాల్సిందే.

పెద్దలకైనా పిల్లలకైనా పెదాలు, నాలుక నీలంగానో బూడిద రంగులోనో మారితే, దగ్గులో రక్తం పడితే, ఛాతీలో నొప్పి తగ్గకుండా ఉంటే, ఒక కాలు వాచి ఉన్నట్టుండి ఆయాసం మొదలైతే ఆలోచించేదేమీ లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఇన్‌హేలర్ పీల్చినా ఫలితం లేకపోవడం ప్రమాదమే. పిల్లికూతలు ఆగిపోయి మనిషి ఇంకా అల్లాడుతున్నారంటే అది తగ్గడం కాదు, కూత వచ్చేంత గాలి కూడా లోపలికి వెళ్లడం లేదు. ఫ్లూ తగ్గి, రెండు రోజులు లేచి తిరిగి, మళ్లీ జ్వరం దగ్గు తిరగబెడితే దాన్ని కొత్త జలుబు అనుకోకండి. ఫ్లూ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి నిమ్ము చేసేది తరచుగా ఈ దశలోనే.

ఇవన్నీ తెలిసినా రాత్రిపూట బయల్దేరడం కష్టమే, అది నాకు తెలుసు. జబ్బు మనిషి "నాకేం కాలేదు, మీరు పడుకోండి" అంటారు. ఆక్సిజన్ తగ్గితే ముందు మసకబారేది ఆలోచనే, కాబట్టి ఆ సమయంలో వెళ్లాలా వద్దా అని వాళ్లనే అడగడం వాళ్ల మీద మోయలేని భారం పెట్టడమే. నాన్న ఆ రాత్రి మూడుసార్లు వద్దన్నారు. మూడుసార్లూ నేను ఆయన మాట విన్నాను, ఆయన ఊపిరి వినలేదు. ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద అమ్మ రాసిన కాగితం ఒకటుంది. ఊపిరి 25, ఆక్సిజన్ 94: డాక్టర్‌కు ఫోన్. ఊపిరి 30, ఆక్సిజన్ 90, పొంతన లేని మాట: బయల్దేరడమే. కింద నాన్న సంతకం పెట్టారు, ఆ రోజు నేను వద్దన్నా తీసుకెళ్లండి అని. అందరం స్థిమితంగా ఉన్న ఒక మధ్యాహ్నం కూర్చుని రాసుకున్నాం, ఎందుకంటే రాత్రి రెండింటికి కొత్తగా నిర్ణయం తీసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

వెళ్లేటప్పుడు ఆయాసపడే మనిషిని నడిపించకండి, పడుకోబెట్టకండి, వీపు ఆనించి కూర్చోబెట్టండి. నిద్రపట్టడానికని మాత్ర ఇవ్వకండి, కొన్ని నిద్రమాత్రలు ఊపిరినే మందగింపజేస్తాయి. సొంత బండి మీద కంటే అంబులెన్స్ మేలు, దారిలో ఆక్సిజన్ ఉంటుంది. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి. ఫోన్‌లో "నాన్నకు ఒంట్లో బాలేదు" అని మొదలుపెట్టకుండా "72 ఏళ్లు, ఊపిరి నిమిషానికి 34, వాక్యం పూర్తి చేయలేకపోతున్నారు" అని చెప్పండి, అవతలివాళ్లకు ఎంత తొందరో వెంటనే అర్థమవుతుంది.

అంతా చూసి "ప్రస్తుతానికి ఫరవాలేదు, ఇంటికి వెళ్లండి" అంటే అనవసరంగా వచ్చామని బాధపడకండి. లేచే ముందు ఒక్క మాట అడగండి: ఏం కనిపిస్తే మళ్లీ రావాలి? వాళ్లు చెప్పింది అక్కడే రాసుకోండి, అదే కనిపిస్తే ఆ రాత్రే మళ్లీ వెళ్లండి, పొద్దునే కదా వచ్చాం అని మొహమాటపడకండి. నాన్న డిశ్చార్జి అయినప్పుడు నేను అడిగాను. డాక్టర్ చెబుతుంటే అమ్మ నా చేతిలో పెన్ను తీసుకుని తానే రాసింది.